అడుగుజాడ, ఆప్తవాక్యం

తెలుగు వాడుకలో అనుమానమంటే సందేహం. న్యాయదర్శనంలో అదే మాటకు అర్థం, కంటికి కనిపిస్తున్న ఒక గుర్తును పట్టుకుని కంటికి కనిపించని వస్తువును నిశ్చయించుకోవడం. ఒకే మాట ఒకచోట తేలని స్థితినీ మరొకచోట తేలిన జ్ఞానాన్నీ చెప్పడం భాషలో అరుదైన సంగతేమీ కాదు గాని, అడవిలో మృగాల జాడ తీసినవారి యథార్థగాథలను చదివే పాఠకుడి మనసుకు ఈ రెండర్థాలూ ఒకేసారి వర్తిస్తాయి. జాడ తీసేవాడు బురదలో పడిన అడుగును చూసి మృగాన్ని తెలుసుకుంటాడు. పాఠకుడు అచ్చులోని మాటలు చూసి ఆ జాడ తీసినవాణ్ణి నమ్ముతాడు, లేదా నమ్మడు. మొదటిది అనుమాన ప్రమాణానికి, రెండవది శబ్ద ప్రమాణానికి చెందిన విషయం. ప్రమాణమంటే యథార్థజ్ఞానాన్ని కలిగించే సాధనమనీ, శబ్దమంటే ఇక్కడ నమ్మదగినవాడి మాట అనీ అర్థం. ఇలాంటి పుస్తకాల మీద జరిగే వాదాలు ఎంతకీ తెగకపోవడానికి ముఖ్యకారణం ఈ రెంటినీ కలగలిపి మాట్లాడటమే.

అడుగును బట్టి మృగాన్ని గ్రహించడం నైయాయికులు శేషవత్తు అని పేరుపెట్టిన అనుమానభేదంలోకి వస్తుంది. కార్యాన్ని బట్టి కారణాన్ని తెలుసుకోవడం దీని స్వభావం. నది నిండుగా, వడిగా పారుతుంటే ఎగువన వాన పడిందని గ్రహించడం వాత్స్యాయనుడు న్యాయసూత్రాల మీది తన భాష్యంలో చూపిన ఉదాహరణ. అయితే గౌతముడి న్యాయసూత్రాలు తమ రెండవ అధ్యాయంలో తామే దీనిమీద ఆక్షేపణ తెస్తాయి: నీటికి అడ్డుపడినా నది పొంగవచ్చు, వాన రాకకు గుర్తనుకునే చీమల గుడ్ల మోత పుట్ట చెదిరినా జరగవచ్చు, నెమలి కూతను మనిషి అనుకరించవచ్చు, కనుక ఇలాంటి గుర్తులను నమ్మి నిశ్చయానికి రావడం ఎలాగన్నది ఆ ఆక్షేపణ. సూత్రకారుడి సమాధానాన్ని భాష్యం సూటిగా చెబుతుంది: అసలు గుర్తుకూ దాన్ని పోలినదానికీ ఉన్న తేడాను చూడలేకపోవడం ఊహించే మనిషి లోపమే గాని అనుమానమనే సాధనం లోపం కాదు. నిజమైన నెమలి కూతను పాములు మొదలైనవి గుర్తుపట్టగలవని వాత్స్యాయనుడు చేర్చిన మాటలో కొంత చమత్కారం కూడా ఉంది, ఎందుకంటే నెమలి నోటికి ఆహారమయ్యే ప్రాణికి ఆ కూత విషయంలో పొరపాటు పడే తీరిక ఉండదు.

చార్వాకులకు ఈ సమాధానం చాలలేదు. ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోని వారి మతాన్ని వివరిస్తూ, 8వ శతాబ్దపు జైనాచార్యుడు హరిభద్రసూరి షడ్దర్శన సముచ్చయంలో తోడేలు అడుగును ప్రస్తావించాడు. ఆ ప్రస్తావన వెనక ఉన్న కథను వ్యాఖ్యాతలు విప్పి చెప్పారు. పరలోకాన్ని నమ్మే భార్యను తన మతానికి ఒప్పించలేకపోయిన ఒక చార్వాకుడు, రాత్రివేళ ఆమెను ఊరి బయటికి తీసుకువెళ్ళి, దారి దుమ్ములో తన వేళ్ళతో తోడేలు అడుగుల వంటి గుర్తులు వరసగా వేశాడు. తెల్లవారాక అక్కడ చేరిన పండితులు వాటిని చూసి, రాత్రి అడవి నుంచి తోడేలు వచ్చిందని తేల్చారు. ఇంతమంది చదువుకున్నవారు ఏకమై చెబుతున్నదాని విలువ ఎంతో చూడమని అతడు భార్యకు చూపించాడు. పరలోకం గురించి వారు చెప్పేదీ ఇలాంటిదేనన్నది తాత్పర్యం.

ఈ కథ పదునైనదే గాని, దీనితో చార్వాకుడి పక్షం పూర్తిగా నెగ్గిందని చెప్పడం కష్టం. ఆ పండితులు దుమ్ములోని గుర్తును చదివారే గాని దాన్ని రాసిందెవరన్న ప్రశ్న వేసుకోలేదు. వేళ్ళతో నొక్కిన గుర్తులో నాలుగు కాళ్ళ మీద నడిచే జంతువు బరువు ఉంటుందా, ముందుకాలి అడుగుకూ వెనుకకాలి అడుగుకూ ఉండవలసిన తేడా ఉందా, జాడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అని ఒక్కరూ అడగలేదు. ఆ కథలో లేని మనిషి ఒక్కడే, జాడ తీయడం బతుకుతెరువైనవాడు. అతడు అక్కడ ఉండి ఉంటే కథ మరోలా ముగిసేది. సందేహానికి అంతెక్కడన్న ప్రశ్నకు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఇచ్చిన సమాధానం ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది: సందేహించేవాడి సొంత ప్రవర్తనకే విరుద్ధమయ్యే చోట సందేహం ఆగిపోవాలి. పులి అడుగు తాజాగా కనిపించిన దారిలో, అనుమానం ప్రమాణం కాదని వాదించే చార్వాకుడు కూడా చీకటి పడ్డాక ఒంటరిగా నడవడు.

అయితే జాడనుంచి నిశ్చయానికి వెళ్ళే దారిలో ఎక్కడ ఆగాలి, ఎంతవరకు నడవాలి అన్న సంగతిని నైయాయికులకంటే ముందే, వారికంటే సన్నిహితంగా అడవిని చూసి చెప్పిన గ్రంథం ఒకటుంది. పాలిభాషలోని మజ్ఝిమనికాయంలో 27వదైన చూళహత్థిపదోపమ సుత్తం, అంటే ఏనుగు అడుగును ఉపమానంగా తీసుకున్న చిన్న సూత్రం, శ్రావస్తిలో జరిగిన ఒక సంభాషణ. తెల్లని ఆడగుర్రాలు పూన్చిన రథంలో మధ్యాహ్నం వేళ నగరం దాటి వెళుతున్న జాణుస్సోణి అనే బ్రాహ్మణుడికి, బుద్ధుణ్ణి చూసి వస్తున్న పిలోతికుడనే పరివ్రాజకుడు ఎదురయ్యాడు. ఇతడి గోత్రనామం వచ్ఛాయనుడు, అంటే సంస్కృతంలో వాత్స్యాయనుడే. న్యాయభాష్యకారుడితో అతడికి సంబంధం లేకపోయినా, జాడ గురించిన చర్చలో ఈ పేరు రెండుసార్లు ఎదురుకావడం ముచ్చటైన కాకతాళీయం. బుద్ధుణ్ణి అంతగా మెచ్చుకోవడానికి కారణమేమిటని జాణుస్సోణి అడిగితే, ఏనుగుల అడవిలో పొడవూ వెడల్పూ ఉన్న పెద్ద అడుగును చూసినవాడు అక్కడ గొప్ప మగ ఏనుగు ఉందని తేల్చుకున్నట్టే, తాను నాలుగు అడుగులు చూశానని పిలోతికుడు చెప్పాడు: వాదంలో ఓడించాలని వెళ్ళిన క్షత్రియ, బ్రాహ్మణ, గృహస్థ, శ్రమణ పండితులు నాలుగు వర్గాలవారూ వాదం మాటే ఎత్తకుండా శిష్యులై తిరిగిరావడం ఆ నాలుగు అడుగులు. ఈ మాటలు వినగానే జాణుస్సోణి రథం దిగి, ఉత్తరీయం సవరించుకుని, బుద్ధుడున్న దిక్కుకు మొక్కి మూడుసార్లు నమస్కారవాక్యం పలికాడు. తాను చూడని ఏనుగు అడుగును మరొకరి మాటలో విని మొక్కిన ఈ బ్రాహ్మణుడే, జాడ కథలకు స్పందించిన శ్రోతలలో మనకు తెలిసిన పాతవారిలో ఒకడు.

ఆ తరువాత జరిగినది మరింత విలువైనది. జాణుస్సోణి వెళ్ళి సంభాషణంతా విన్నవిస్తే, తనను పొగిడిన ఆ ఉపమానాన్ని బుద్ధుడు స్వీకరించలేదు. అది అసంపూర్ణమని చెప్పి సరిదిద్దాడు. నేర్పరి అయిన ఏనుగుల జాడకాడు పెద్ద అడుగు చూసినంత మాత్రాన తేల్చుకోడు, ఎందుకంటే పెద్ద పాదాలున్న పొట్టి ఆడ ఏనుగులు కూడా అడవిలో ఉంటాయి. అతడు జాడ వెంట ఇంకా నడిచి, చెట్ల మీద ఎత్తున ఒరుసుకున్న గుర్తులు చూసినా తేల్చుకోడు, ఎత్తైన ఆడ ఏనుగులు ఉంటాయి కనుక. దంతాల గీతలు చూసినా, విరిగిన కొమ్మలు చూసినా ఇంకా నడుస్తూనే ఉంటాడు. చివరికి చెట్టు కిందనో బయలులోనో నడుస్తూ, నిలబడి, కూర్చుని లేదా పడుకుని ఉన్న మగ ఏనుగును కళ్ళారా చూసినప్పుడు మాత్రమే, తాను వెతికినది ఇదేనని నిశ్చయిస్తాడు. ధ్యానం, పూర్వజన్మస్మృతి వంటివన్నీ తథాగతుడి అడుగులనీ ఒరిపిడి గుర్తులనీ చెప్పుకోవచ్చు గాని, సాధకుడు వాటి దగ్గర ఆగిపోయి నిర్ణయానికి రాడని, తన చిత్తం ఆస్రవాలనుంచి, అంటే మనసును మలినపరిచే వాసనలనుంచి, విముక్తమైందని తానే తెలుసుకున్నప్పుడే వస్తాడని ఉపదేశం ముగుస్తుంది. తర్కశాస్త్రం తరువాతి కాలంలో సవ్యభిచారమని పిలిచిన హేతుదోషానికి, అంటే సాధించవలసిన వస్తువు లేనిచోట కూడా కనిపించే గుర్తును నమ్ముకోవడమనే దోషానికి, ఆ పొట్టి ఆడ ఏనుగుకు మించిన ఉదాహరణ దొరకదు.

ఆధునిక కాలంలో ఆ ఆడ ఏనుగును మరచిపోయిన ఫలితం మన దేశమే చూసింది. పులి పాదముద్రను గాజుపలక మీద గీసుకుని ఏ ముద్ర ఏ పులిదో విడదీసే పద్ధతి 1960లలో రూపుదిద్దుకుంది. 1972లో దేశవ్యాప్తంగా పులులను లెక్కించి 1,827 అని తేల్చడంలో పాదముద్రలే ఆధారం. ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో మరొకలా పడుతుందన్న ఆక్షేపణ చాలాకాలం వినిపిస్తూనే ఉండగా, కాగితాల మీద పులులున్న రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్కటి కూడా మిగల్లేదని 2005లో బయటపడింది. ఆ తరువాతనే కెమెరా ఉచ్చులతో, అంటే మృగం ఎదురుగా రాగానే దానంతటదే ఫోటో తీసే పరికరాలతో, లెక్కించే పద్ధతి స్థిరపడింది. బుద్ధుడు చెప్పిన జాడకాడి నియమాన్ని యంత్రం పాటించడం మొదలుపెట్టిందనుకోవచ్చు.

ఇక పాఠకుడి సంగతి వేరు. అతడికి ఏనుగు వరకూ నడిచే అవకాశం లేదు. వేటగాడు జిమ్ కార్బెట్ రాసిన రుద్రప్రయాగ చిరుత గాథను తీసుకుంటే, కేదారనాథ, బదరీనాథ యాత్రికులు నడిచే దారిలో 1918 నుంచి 1926 వరకు 125 మందిని చంపిన మృగం అది. ఆ జాడలను చదివిన తీరు నిజమా కాదా అని ఈనాడు పరీక్షించడానికి ఆ దుమ్మూ లేదు, ఆ అడుగులూ లేవు. ఉన్నది కార్బెట్ మాట ఒక్కటే. అయినా పాఠకులు తరతరాలుగా ఆ మాటను నమ్మడానికి కారణం అందులోని సాహసం కాదు, అందులోని వైఫల్యాలు. రాత్రుల తరబడి మంచె మీద కాచి ఉత్త చేతులతో తిరిగివచ్చిన సంగతీ, తన అడుగుల మీదనే చిరుత అడుగులు పడి ఉండటం చూసి తాను వెంటాడుతున్నది తననే వెంటాడుతోందని తెలుసుకున్న సంగతీ దాచకుండా చెప్పినవాడు, 1926 మే నెలలో చిరుత చచ్చిన సంగతి చెప్పేటప్పుడు అబద్ధమాడతాడని ఎవరికీ తోచదు. చిరుత రూపంలో తిరిగేది ఒక సాధువేనని జనం అనుమానించిన ఉదంతం కూడా ఆ పుస్తకంలో ఉంది. ఆ సాధువు నిర్బంధంలో ఉండగానే మరోచోట మనిషి చావడంతో ఆ అనుమానం వీగిపోయింది. ఇక్కడ అనుమానమన్న మాటను తెలుగు అర్థంలోనూ సంస్కృతార్థంలోనూ ఒకేసారి చదువుకోవాలి.

బొల్లారంలో పుట్టి, తిరుపతి దగ్గరి మామండూరు అడవుల మీద కూడా రాసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్‌కు ఇంత నమ్మకం దక్కలేదు. అతడి గాథల్లో కల్పన పాలు ఎక్కువని శంకించినవారు ఉన్నారు. అమెరికాలో టామ్ బ్రౌన్ 1978లో రాసిన ది ట్రాకర్ అనే పుస్తకం పాఠకులను ఇంకా నిలువునా చీల్చింది. న్యూజెర్సీ పైన్ అడవుల్లో తనకు జాడ తీయడం నేర్పింది స్టాకింగ్ వుల్ఫ్ అనే అపాచీ వృద్ధుడని అతడు చెప్పుకోగా, కొందరు ఆ మాట నమ్మి అతడి బడిలో చేరారు, మరికొందరు అలాంటి గురువు అసలున్నాడా అని అడిగారు. గురువు పేరులో తోడేలు ఉండటం చార్వాకుడికి నవ్వు తెప్పించేదే. కాని ఈ రెండు వర్గాలవారూ ఒకే పొరపాటు చేశారని చెప్పక తప్పదు: నమ్మినవారు అడుగు దగ్గరే మొక్కి ఆగిపోయారు, నవ్వినవారు అడుగు దగ్గరే నవ్వి ఆగిపోయారు. ఆ పుస్తకం చెప్పిన విద్య మట్టిలో పరీక్షకు నిలుస్తుందో లేదో చూడటానికి గురువు చిరునామా అవసరం లేదు. గురువు ఉన్నాడా అన్నది మాత్రం మట్టి చెప్పగల విషయం కాదు. మహాత్ముల జీవితచరిత్రలలోని అద్భుతాలను చదివే భక్తుడికీ, వాటిని కొట్టిపారేసే హేతువాదికీ మధ్య జరిగే వాదం కూడా తరచు ఇక్కడే చిక్కుపడుతుంది.

ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్నకు న్యాయసూత్రాలు ఆప్తుడి మాట అని బదులిస్తాయి. వస్తువును స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడని వాత్స్యాయనుడు వివరించాడు. అంతటితో ఆగకుండా, ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని కూడా చేర్చాడు. జాడ గాథలకు ఈ చేర్పు ప్రాణం వంటిది, ఎందుకంటే పుస్తకం రాసిన దొర పక్కన అడుగు చూపించిన గ్రామస్థుడో గిరిజనుడో దాదాపు ఎప్పుడూ ఉంటాడు, పాఠకుడి మెప్పు మాత్రం రాసినవాడికే చేరుతుంది. నల్లమలలో పులుల రక్షణకు ఈనాడు అటవీశాఖ నమ్ముకున్నది కెమెరాలతోపాటు చెంచు కాపలాదారుల కళ్ళను కూడా. వాత్స్యాయనుడి లెక్కలో ఆ చెంచు నోటిమాటకూ వేదం చెప్పిన ఋషి మాటకూ ప్రమాణమయ్యే అర్హత ఒకే లక్షణంనుంచి వస్తుంది. ఈ సంగతిని మన శాస్త్రచర్చలు చాలాకాలం చూసీచూడనట్టు వదిలేశాయి.

చివరగా ఆ ఏనుగు అడుగు సూత్రానికే తిరిగివస్తే, సింహళంలో బౌద్ధభిక్షువు మహేంద్రస్థవిరుడు దేవానంపియతిస్స మహారాజుకు మొదట వినిపించిన ఉపదేశం అదేనని ఆ దేశపు పాత చరిత్రగ్రంథం మహావంశం చెబుతోంది. ఆ రాజు ఆనాడు మిహింతలె కొండ మీదికి వచ్చింది వేటలో ఒక మృగం వెంటపడి; ఆ మృగం నిజానికి ఆ రూపం ధరించిన కొండదేవత అని కూడా ఆ గ్రంథమే చెబుతోంది.