నిరీక్షణ ధర్మము

మన పెద్దలు నిదానమే ప్రధానమనిరి. ఆలస్యము చేసినచో అమృతమును విషమగుననియు ఆ పెద్దలే చెప్పిరి. ఈ రెండింటిలో ఏది సత్యమని అడిగినచో రెండును సత్యములే యని చెప్పవలసియుండును. ఏ మాట ఏ సమయమునకు వర్తించునో తెలిసికొనుటయందే వివేకమున్నది. ఈ వివేకము మన కుటుంబములకు ఏటేట మే మాసములో ప్లస్ టూ ఫలితములు వెలువడినది మొదలు, సెప్టెంబరులో కళాశాలల ప్రవేశములు ముగియువరకు మిక్కిలి అవసరమగుచున్నది. కోరిన కళాశాలలో కోరిన చదువునకు స్థానము వెంటనే దొరకక, "తరువాత చూతము" అను సమాధానము వచ్చినప్పుడు పిల్లలును తల్లిదండ్రులును ఎట్లు నడచుకొనవలెను? ఆ స్థానము పొందుటకు ఏ ప్రయత్నము తగినది, ఏది తగనిది? ఈ ప్రశ్నను గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచిక పాఠకుల ముందుంచుచున్నాము.

మన పూర్వులు విజయనగర, నాయకరాజుల కాలములయందు ఈ కరిసల్ సీమకు వచ్చి, నల్లరేగడి దున్ని, ప్రత్తి పండించి బ్రతికిరి. ఆ దినములలో చదువు కొందరికే చాలినది. నేడు భూమి పంచుకొనగా పంచుకొనగా తగ్గినది. ప్రతి యింటికిని చదువే ఆధారమైనది. అందుకు తగినట్లు విద్యాలయములును పెరిగినవి. విరుదునగరులో 1947లో సెంథికుమార నాడార్ కళాశాలయు, 1962లో వన్నియపెరుమాళ్ మహిళా కళాశాలయు వెలసినవి. కోవిల్‌పట్టిలో 1966లో జి. వెంకటస్వామినాయుడు కళాశాలయు, 1984లో నేషనల్ ఇంజనీరింగ్ కళాశాలయు ఏర్పడినవి. 2022లో విరుదునగరునకు ప్రభుత్వ వైద్య కళాశాలయు వచ్చినది. ద్వారములు ఇన్ని తెరచుకొన్నను ద్వారము కడ గుంపు తగ్గలేదు. విరుదునగర్ జిల్లా ప్లస్ టూ ఉత్తీర్ణతలో రాష్ట్రమున పలుమార్లు ప్రథమస్థానము పొందినది. ఉత్తీర్ణులు పెరిగినకొలది వరుసయు పొడుగగును గదా! ఇట్టి జిల్లాలో ఒక పిల్లవాని ప్రవేశము నిలిచిపోయినచో ఆ యింటికి తలవంపు కలిగినట్లు బంధువులు మాటలాడుదురు. పెండ్లిపందిటిలోనైనను, గుడిలోనైనను మొదటి ప్రశ్న "మీవానికి ఎక్కడ సీటు వచ్చినది?" అనియే.

మేము ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. వరకు మాత్రమే చదివి, ఉద్యోగ జీవితమంతయు దరఖాస్తుల నడుమ గడపినవారము. కార్యాలయమున దరఖాస్తునకు మూడు గతులుండును. అది మంజూరు కావచ్చును, తిరస్కరింపబడవచ్చును, లేక పెండింగులో నుండవచ్చును. బయటివారికి పెండింగు అనిన తిరస్కారమునకు మర్యాదపేరువలె తోచును. గుమాస్తాకు అట్లు కాదు. కాగితము నిలుచుటకు రెండు కారణములుండును. అందులో ఏదో కొరతయుండుట యొకటి; దానికి ముందున్న కాగితముల లెక్క తేలకుండుట రెండవది. మొదటిదానికి మందు దరఖాస్తుదారుని చేతిలోనే యున్నది. రెండవదానికి మందు ఎవరిచేతిలోను లేదు, వేచియుండవలసినదే. ప్రవేశము వాయిదాపడిన ప్రతి కుటుంబమును మొదట విచారింపవలసినది ఇదియే: మన కాగితము ఏ కారణముచేత నిలిచినది?

మన రాష్ట్రమున ఇంజనీరింగు ప్రవేశముల పద్ధతిని చూడుడు. 2007 నుండి ప్రత్యేక ప్రవేశ పరీక్ష లేదు; ప్లస్ టూ మార్కులే ఆధారము. గణితమునకు 100, భౌతిక, రసాయన శాస్త్రములకు చెరి 50, వెరసి 200కు లెక్క కట్టుదురు. అర మార్కు తేడాకు వందలమంది ముందు వెనుకలగుదురు. ఇరువురికి మొత్తము సమానమైనచో గణితము మార్కులు చూతురు; అవియు సమానమైనచో భౌతికశాస్త్రము; ఇట్లే క్రమముగా పుట్టిన తేదీవరకు పోయి, అప్పటికిని తేలనిచో యంత్రము ముందే కేటాయించిన యాదృచ్ఛిక సంఖ్యతో వరుస తేల్చుదురు. ఆ సంఖ్యలో పిల్లవాని బుద్ధి యేమున్నది? శీలమేమున్నది? వరుస ఏర్పరచుటకు ఏదో యొక కొలత కావలసియున్నది గనుక ఆ కొలత పెట్టిరి. కొలత అవసరమే. దానిని మనుష్యుని విలువగా తలచుట మాత్రము మన పొరపాటు.

అమెరికాలోని మన బంధువుల పిల్లలకును ఇట్టి అనుభవమే కలుగుచున్నది. అచ్చటి విశ్వవిద్యాలయములు కొన్ని, ముందుగా దరఖాస్తు పెట్టినవారికి డిసెంబరు నడుమ సమాధానమిచ్చును. కొందరిని చేర్చుకొనును, కొందరిని కాదనును, మరికొందరిని "డిఫర్" చేయును. అనగా సాధారణ దరఖాస్తులతో కలిపి మరల పరిశీలించి వసంతకాలమున చెప్పుదుమనుట. అట్టివారు అర్ధసంవత్సరపు మార్కులను పంపుదురు. తమకు ఆ విద్యాలయముపై కోరిక తగ్గలేదని, ఈ నడుమ తాము సాధించినది ఇదియని, ఒక చిన్న లేఖ వ్రాయుదురు. వలదన్న విద్యాలయమునకు వ్రాయరు. రోజునకొక లేఖయు వ్రాయరు. తక్కిన విద్యాలయములకు దరఖాస్తులు పెట్టుట మానరు. ఈ మూడు మర్యాదలును ఎచ్చటనైనను నేర్వదగినవి.

మన సీమ రైతునకు వాయిదా క్రొత్త కాదు. కరిసల్ నేల వర్షాధారము. ఐప్పసి, కార్తిక మాసముల వాన ఆలస్యమైనచో రైతు ఆకసమువైపు చూచుచు గట్టుమీద కూర్చుండడు. గట్లు సరిచేయును, విత్తనము చెడకుండ కాపాడును, వాన మరీ వెనుకబడినచో తక్కువ దినములలో చేతికి వచ్చు పైరును ఎంచుకొనును. ఈ మెట్టసేద్యపు చిక్కులు విప్పుటకే కోవిల్‌పట్టిలో 1901 నుండి వ్యవసాయ పరిశోధనా కేంద్రము పనిచేయుచున్నది. వాన రైతు చేతిలో లేదు. నేలను సిద్ధముగా నుంచుట అతని చేతిలో నున్నది.

విద్యార్థి విషయమున ఆ సిద్ధపాటు ఎట్లుండవలెను? కుల, నివాస ధ్రువపత్రములును, ఆ యింట మొదటి పట్టభద్రుడగువానికి రుసుములో రాయితీ కల్పించు పత్రమును ముందే తెచ్చియుంచవలెను. పేరులోని యొక అక్షరము తేడాయైనను సరిచేయించుకొనవలెను. కౌన్సెలింగులో కళాశాలలను వ్రాయునప్పుడు బంధువుల మెప్పును బట్టి గాక, తన నిజమైన కోరిక వరుసను బట్టి వ్రాయవలెను. గత సంవత్సరపు కట్-ఆఫ్ మార్కులను చూచి, అందునట్టివి, అందవచ్చునట్టివి, తప్పక దొరకునట్టివి మూడు విధములును చేర్చవలెను. దొరకిన స్థానమును అంగీకరించి పై కోరికకై వేచియుండు వీలును ఇప్పటి పద్ధతిలో కలదు. తుదకు అనుబంధ కౌన్సెలింగును కలదు. పాలిటెక్నిక్ డిప్లొమాగాని, బి.ఎస్‌సి. గాని ముగించి నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరు మార్గమును మరువరాదు. ప్రక్కద్వారమున వచ్చినవాడును ఆ యింటిలోనివాడే.

వైద్యవిద్య విషయము ఇంకను కఠినము. తమిళనాడున 2017 నుండి నీట్ పరీక్ష మార్కులే ప్రమాణమైనవి. ఒకసారి అందనివారు మరల వ్రాయుట పెరిగినది. మరల వ్రాయుట తప్పు కాదు. ఐనను ఆ సంవత్సరమునకు వెల యున్నది. శిక్షణకేంద్రపు రుసుము అందులో ఒక పాలు మాత్రమే. ఆ వెలను ఎవరు చెల్లించుచున్నారో ఇంటివారు నిజాయితీగా విచారింపవలెను. మన యిండ్లలో కుమారునకు రెండవ ప్రయత్నము, మూడవ ప్రయత్నము నిచ్చి, కుమార్తె మొదటిసారి అందుకొనలేనిచో "ఏదో యొకటి చేరుము, పెండ్లి సంబంధములు వచ్చుచున్నవి" అనుట కద్దు. ఒకే యింట ఒకరి నిరీక్షణ పట్టుదలయనియు, మరియొకరి నిరీక్షణ కాలహరణమనియు ఎంచుట న్యాయము కాదు. ఎన్నిసార్లు ప్రయత్నింతుమో, ఆ పిదప ఏమి చేయుదుమో ముందే నిర్ణయించుకొని, ఆ హద్దును కొడుకునకును కూతునకును సమానముగా వర్తింపజేయవలెను.

ఇక చేయరానివానిని గూర్చి. వరుసయను దానిలో మనము ముందునకు జరిగినచో మరియొకరు వెనుకకు జరుగుదురు. అతడు మనకు కనబడడు, కనబడనంతమాత్రమున లేకపోడు. సిఫారసు లేఖతో ఒక కాగితము పైకెక్కినప్పుడు, దాని క్రిందికి పోయిన కాగితము ఎవరిదని అడుగువారు అరుదు. ఆ క్రింది కాగితమును చేతితో పట్టుకొన్న గుమాస్తాకే అందలి పేరు తెలియును. కాపిటేషన్ రుసుమును మన రాష్ట్రమున 1992 నాటి చట్టము నిషేధించినది. అప్పుచేసి అట్టి ధనము కట్టు తండ్రి, కుమారునకు చదువుతోపాటు ఒక పాఠమును కూడ కొనిపెట్టుచున్నాడు. ధనముతో వరుస మారునను ఆ పాఠమును కుమారుడు ఉద్యోగములో తప్పక ఒప్పజెప్పును.

మనకు ప్రత్యేకముగా సంబంధించిన విషయ మొకటి కలదు. రాజ్యాంగములోని 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు విద్యాలయములు స్థాపించుకొను హక్కు నిచ్చినది. అట్టి స్వయం ఆర్థిక ఇంజనీరింగు కళాశాలలు మన రాష్ట్రమున సగము స్థానములను ప్రభుత్వ కౌన్సెలింగునకు విడిచి, తక్కిన సగమును తమ పద్ధతిన నింపుకొనును. తెలుగువారు తెలుగు అల్పసంఖ్యాక కళాశాలలో స్థానము కోరుట హక్కే. అందు సంకోచము వలదు. కాని భాష పేరిట పొందిన స్థానము భాషకు ఋణమని మా యభిప్రాయము. దరఖాస్తులో మాతృభాష తెలుగు అని వ్రాసిన పిల్లవాడు తన పేరును తెలుగులో వ్రాయలేకున్నచో ఆ పత్రము సత్యమే, ఆ సత్యము మాత్రము బక్కచిక్కినది. వాయిదాపడిన నెలలలో అక్షరములు నేర్చుకొన్నను ఆ ఋణములో కొంత తీరును.

మరియొక తప్పు మంచివారును తెలియక చేయుదురు. రెండు మూడు చోట్ల స్థానములు పట్టియుంచి, తుది దినమువరకు దేనిని విడువరు. మనవాడు చేరని స్థానమునకై మరియొక యింట ఒక పిల్ల నిదురమానుకొని వేచియుండును. చేరమని నిశ్చయించిన దినముననే ఆ కళాశాలకు తెలుపవలెను. గడువులోపల మానుకొన్నవారికి, స్వల్ప మొత్తము మినహాయించి, రుసుము తిరిగి ఈయవలెనను నియమమును, మూల పత్రములను కళాశాలలు అట్టిపెట్టుకొనరాదను నియమమును కలవు. కావున ధర్మమునకు ఇచ్చట నష్టమును ఏమంతగా లేదు.

"లోకమంతయు అడ్డదారిన పోవుచుండగా మేమొకరము వరుసలో నిలిచిన లాభమేమి?" అని అడుగువారుందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. వరుసలో నిలిచినవానికి తప్పక స్థానము దొరకునని మేము చెప్పజాలము. నిజాయితీగా నిలిచి, దొరకక, వేరుదారి పట్టినవారు మన వీధులలోనే యున్నారు. మేము చెప్పగలిగినది ఇంతమాత్రమే: స్థానము పోయినచో మరియొక చదువు దొరకును, తన చదువు తనది కాదను శంక పుట్టినచో దానిని పోగొట్టు కళాశాల లేదు.

ఇట్టి సందర్భముల మహాపురుషుల కథలు చెప్పుట వాడుక. శ్రీనివాస రామానుజన్ ఎఫ్‌.ఎ. పరీక్షలో కృతార్థుడు కాలేక, 1912లో మదరాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరెను. మరుసటి యేడు మదరాసు విశ్వవిద్యాలయము పట్టము లేని ఆ గుమాస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధనా వేతనమిచ్చెను. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్‌లో మన తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ బడి చదువు పూర్తి చేయనివారు. వారు వలస వచ్చిన తెలుగువారి గాథను తమిళమున వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. విరుదునగరువాసి కామరాజ్ చిన్ననాడే బడి మాని మేనమామ బట్టల దుకాణమున చేరెను. 1954 నుండి 1963 వరకు ముఖ్యమంత్రిగా నుండి, తనకు మూసికొన్న బడి తలుపును లక్షల పిల్లలకు తెరచెను.

ఐనను ఈ కథలను పిల్లలమీద రాళ్లవలె విసరరాదు. ప్రతివాడును రామానుజన్ కాబోడు, కానక్కరయు లేదు. ఈ మువ్వురినుండి గ్రహింపవలసినది వారి కీర్తి కాదు. తలుపు మూసియున్న కాలమున రామానుజన్ లెక్కలు మానలేదు, రాజనారాయణన్ ఊరివారి మాటలు వినుట మానలేదు, కామరాజ్ లోకమును చూచుట మానలేదు. ఇది సామాన్యునకును సాధ్యమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. వాయిదాపడిన దినములలో ఇంటి మాట మెత్తగా నుండవలెను. ఎదురింటి పిల్లతో పోలిక వలదు. ఖర్చుల లెక్క భోజనసమయమున తీయవలదు. పిల్లవాడు మాట తగ్గించినను, అన్నము మానినను, "నేను దేనికి పనికిరాను" అనినను దానిని పట్టుదలలేమిగా నెంచక వెంటనే చేరదీయవలెను. మన రాష్ట్రమున 104 సంఖ్యకును, దేశమంతట టెలి-మానస్ వారి 14416 సంఖ్యకును ఫోను చేసినచో మనోవ్యాకులతకు సలహా దొరకును. అట్లు సలహా అడుగుట జ్వరమునకు మందు అడుగుటవంటిదే.

సంఘముగా మనము చేయదగిన పనియు కలదు. విశ్రాంతిలో నున్న గుమాస్తాలు, ఉపాధ్యాయులు మనలో పలువురున్నారు. మే మాసమునుండి వారమునకొక సాయంకాలము కూర్చుండి, దరఖాస్తులు నింపుటలోను, పత్రములు సరిచూచుటలోను ఏ కులపు పిల్లలకైనను, ఏ భాష పిల్లలకైనను తోడ్పడవచ్చును. పై తరగతికి పోయినవారి పుస్తకములను సేకరించి రాబోవువారికి ఈయవచ్చును. ఈ యేడు వరుసలో నిలిచియున్న మన బాలబాలికలకు కోరిన విద్య లభించుగాక! లభించువరకు వారి దినములు వ్యర్థము కాకుండుగాక!