ఆవం వేడిలో విధి వాటా ఎంత?

పోలాసపురం ఊరి బయట ఐదు వందల కుండల దుకాణాలున్న ఆసామి సద్దాలపుత్త. భూమిలో పాతర వేసింది కోటి, వ్యాపారంలో తిరిగేది కోటి, ఇల్లూ వాకిలీ సామాను రూపంలో ఇంకో కోటి బంగారం. ఆపైన పదివేల ఆవుల మంద. జైనుల ఉపాసకదశాంగం అనే గ్రంథంలో ఏడో అధ్యాయం ఇతని కథే. వృత్తి కుమ్మరం, నమ్మకం ఆజీవక మతం. మక్ఖలి గోశాలుడి దారిలో నడిచే ఆజీవకులు జరిగేదంతా ముందే ఖాయమైపోయిందనీ, మనిషి ప్రయత్నం వల్ల ఒరిగేదేమీ లేదనీ నమ్మేవారు.

ఒకనాడు అతను కుండలు బయటికి తెచ్చి ఎండబెట్టుకుంటుంటే మహావీరుడు వచ్చి, ఇవెలా తయారయ్యాయని అడిగాడు. మట్టిని నీళ్లతో తడిపి, బూడిదా పేడా కలిపి, చక్రం మీద ఎక్కించామన్నాడు సద్దాలపుత్త. ఇందులో నీ ప్రయత్నం ఉందా అంటే లేదన్నాడు. అతని మతం అలాగే చెప్పమంటుంది మరి. సరే, ఎవడో వచ్చి ఈ కుండలు పగలగొట్టినా, ఎత్తుకుపోయినా, నీ భార్య అగ్గిమిత్త జోలికొచ్చినా ఏం చేస్తావు? తిడతాను, కొడతాను, కట్టేస్తాను, అవసరమైతే చంపేస్తాను అన్నాడు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే వాడిని కొట్టడానికి వాడి తప్పేముందని మహావీరుడు అడిగేసరికి కుమ్మరి దగ్గర జవాబు లేకపోయింది.

ఆ వాదం ఇంకా ముగియలేదు. ఎనర్జీ ఆడిటర్ ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా మొదట వినబడేది ఆజీవక సిద్ధాంతమే: ‘పాత మెషిన్ సార్, కరెంటు ఇంతే లాగుద్ది.’ బాయిలర్ అన్నాక పొగ వేడిగానే పోతుంది, మోటార్ అన్నాక కాలుతూనే ఉంటుంది, మా నాన్నగారి కాలం నుంచీ బిల్లు ఇంతే. ఆడిటర్ థర్మామీటరూ పవర్ ఎనలైజరూ పట్టుకుని వచ్చేది ఆ మాటను పరీక్షించడానికే. పోయే శక్తిలో ప్రకృతి తీసుకునేది ఎంత, మనం పారబోసుకునేది ఎంత? ఖర్చు తగ్గించే పనిగా కనిపించే ఆడిట్‌లో అడుగున ఉన్నది ఈ ప్రశ్నే. తప్పించుకోలేని దానికి ఎవరినీ తప్పు పట్టలేం. తప్పించుకోగలిగిందని తేలిన మరుక్షణం దానికో బాధ్యుడు పుట్టుకొస్తాడు.

ఈ విడదీత ఎంత చిక్కుదో సిమెంటు కిల్న్ దగ్గర తెలుస్తుంది. నల్లగొండ, సూర్యాపేట, కడప, నంద్యాల ప్రాంతాల్లో సున్నపురాయి పుణ్యమా అని ఈ ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి. కిల్న్‌లో రాతి పొడి 1450 డిగ్రీల దాకా కాగి, సిమెంటుకు మూలమైన క్లింకర్ అవుతుంది. కిలో క్లింకర్ తయారవడానికి రసాయన చర్యలకు కావలసిన వేడి సుమారు 420 కిలో కెలోరీలు. దాన్ని ఎంత గొప్ప ఇంజనీరూ తగ్గించలేడు. కానీ మంచి ఆధునిక ప్లాంటు కూడా సుమారు 700 వాడుతుంది. పాత తడి పద్ధతిలో అయితే 1300 దాటేది. ఆధునిక ప్లాంటులో ఆ తేడా అంతా ఎటు పోయిందని వెతికితే, కొంత ప్రీహీటర్ పైనుంచి దాదాపు 300 డిగ్రీల పొగగా, కొంత కూలర్ నుంచి వేడిగాలిగా, కొంత తిరుగుతున్న ఇనుప డ్రమ్ము ఒంటి సెగగా పోయింది.

ఒకప్పుడు ఆ పొగ వేడిని విధి ఖాతాలో రాసేవారు. పొగ పోక తప్పదు, పోతే వేడితోనే పోతుంది. తర్వాత ఆ పొగ దారిలో బాయిలర్ పెట్టి, ఆవిరితో టర్బైన్ తిప్పి, కరెంటు తీయడం మొదలైంది. నిన్నటి విధి ఇవాళ పారబోతగా మారిపోయింది. పొగలో తేడా ఏమీ లేదు, మనిషికి తెలిసింది పెరిగింది, అంతే. అయితే ఎంత తెలిసినా ఆ వేడినంతా కరెంటుగా మార్చలేం. థర్మోడైనమిక్స్ రెండో నియమం అక్కడ కాపలా ఉంటుంది. అందుకే మొత్తం విధి అన్న ఆజీవకుడూ, మొత్తం మన చేతిలోనే ఉందనే ఉత్సాహవంతుడూ ఇద్దరూ ఆడిటర్ ముందు ఓడిపోతారు. రెండోవాళ్లు కన్సల్టెంట్ల వేషంలో తరచుగా కనబడతారు.

చిన్న విషయం ఒకటి దగ్గరగా చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కంప్రెసర్ గాలి వాడే ఏ వర్క్‌షాపుకైనా సెలవు రోజున వెళ్లాలి. మెషిన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే ఆన్ చేస్తారు. గాలి వాడేవాళ్లెవరూ లేరు కాబట్టి ట్యాంకు నిండి కంప్రెసర్ ఊరుకోవాలి. ఊరుకోదు. కాసేపాగి మళ్లీ లోడ్ ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎంతసేపు లోడ్‌లో ఉంది, ఎంతసేపు ఖాళీగా తిరిగింది అని వాచీ పెట్టి రాసుకుంటే లీకేజీ శాతం చేతికొస్తుంది. ఆపైన సబ్బు నురగ పట్టుకుని గొట్టాల జాయింట్లూ, హోస్ క్లిప్పులూ, వాల్వులూ తిరుగుతారు. బుడగ లేచిన చోట సుద్దముక్కతో గుండ్రం చుడతారు. 7 బార్ ఒత్తిడి ఉన్న లైనులో 3 మిల్లీమీటర్ల చిల్లు సుమారు 3 కిలోవాట్ల కరెంటు తింటుంది. ఏడాదికి 8000 గంటలు నడిస్తే 24,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకున్నా లక్షా 68 వేలు. చిల్లు మూయడానికి అయ్యేది ఒక వాషరో, కాస్త టెఫ్లాన్ టేపో.

ఆ డబ్బు ఎవరూ దొంగిలించలేదు. ఎవరికీ లాభం లేదు, ఎవరికీ పగ లేదు. దీన్ని తప్పు అనవచ్చా? లోకనీతి దొంగను పట్టుకుంటుంది, కోపిష్ఠిని పట్టుకుంటుంది, అజాగ్రత్తను మాత్రం సాధారణంగా మన్నించి వదిలేస్తుంది.

జైనం వదల్లేదు. గృహస్థుల వ్రతాల్లో అనర్థదండ విరమణ అని ఒకటుంది. ప్రయోజనం లేకుండా చేసే హింసను మానుకోవడం దాని సారం. అందులోనూ ప్రమాదచర్య అనే విభాగం కింద అజాగ్రత్త పనులు వస్తాయి: పని లేకుండా నేల తవ్వడం, నీళ్లు ఒలకబోయడం, నిప్పు రాజేయడం, చెట్లు నరకడం. నిప్పులోనూ నీటిలోనూ జీవులున్నాయని నమ్మేవాళ్లకు ఊరికే మండే నిప్పు ఊరికే చేసిన హింస. ఆ నమ్మకం లేనివాళ్లు కూడా వ్రతం కట్టుదిట్టాన్ని ఒప్పుకోవాలి. పాపం రావడానికి చెడు ఉద్దేశం అక్కర్లేదు, చూడాల్సింది చూడకపోతే చాలు.

అసలు నిప్పుతో బతకడమే తగదన్న జైన ఆచార్యులూ ఉన్నారు. పన్నెండో శతాబ్దపు హేమచంద్రుడు గృహస్థు మానుకోవలసిన జీవనాధారాల్లో బొగ్గు కాల్చడంతో పాటు కుమ్మరం, కమ్మరం, ఇటుక బట్టీ కూడా చేర్చాడు. కానీ ఉపాసకదశాంగంలో సద్దాలపుత్త మహావీరుడి ఉపాసకుడయ్యాక కూడా దుకాణాలు అతని చేతిలోనే ఉన్నాయి. తర్వాత గోశాలుడు వచ్చి మహావీరుణ్ని పొగిడితే, అతనికి బస ఇచ్చింది ఆ దుకాణాల్లోనే. గ్రంథాల మధ్య ఈ పెనుగులాట నిజాయితీగా ఉంది. కుండలు లేకుండా ఊరు నడవదు.

పారబోతను ఆపితే సరిపోతుందా అన్నది ఇంకో పేచీ. 1865లో ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ బొగ్గు మీద పుస్తకం రాస్తూ, తక్కువ బొగ్గుతో నడిచే జేమ్స్ వాట్ ఆవిరియంత్రం వచ్చాక బొగ్గు వాడకం తగ్గకపోగా బాగా పెరిగిందని చూపించాడు. చవకైతే మరింత వాడతారు. ఇవాళ కూడా ఆడిట్ వల్ల మిగిలిన డబ్బుతో యజమాని ఇంకో లైను వేయవచ్చు. ఆడిట్ నివేదిక ఆ సంగతి అడగదు, అది దాని పనీ కాదు.

ఈ తేడా జైన వ్రతాల్లో ముందే ఉండటం విశేషం. వృథా మానడం ఒక వ్రతం, ఉన్నదానికీ అనుభవించేదానికీ హద్దు గీసుకోవడం వేరే వ్రతాలు. అదే గ్రంథంలో మొదటి కథ ఆనందుడిది. పన్నెండు కోట్ల బంగారం, పదివేల చొప్పున నాలుగు ఆవుల మందలు, ఐదు వందల నాగళ్లు ఉన్న గృహస్థు. అతను ఏదీ వదులుకోలేదు. ఉన్నదే హద్దుగా పెట్టుకున్నాడు. పళ్లు తోముకోవడానికి మాత్రం పచ్చి అతిమధురం పుల్ల తప్ప వేరేది వాడనన్నాడు. ప్రభుత్వం ఫ్యాక్టరీకి లక్ష్యం పెట్టేటప్పుడు మొదట ఇప్పటి వాడకాన్ని ప్రమాణంగా తీసుకోవడం గమనిస్తే ఆనందుడి లెక్క అంత వింతగా అనిపించదు. కాకపోతే ఆనందుడు మొత్తానికి హద్దు పెట్టాడు. ఫ్యాక్టరీ లక్ష్యం టన్ను సరుకుకు ఎంత శక్తి అన్నది చూస్తుంది, ఎన్ని టన్నులన్నది చూడదు.

మన దేశంలో ఆ లక్ష్యాలకు చట్టం 2001లో వచ్చింది. 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్ (పాట్) పథకం తొలి విడత 2012 నుంచి 2015 దాకా సిమెంటు, ఉక్కు, ఎరువులు వంటి 8 రంగాల్లో 478 పెద్ద వినియోగదారులతో నడిచింది. దాదాపు 6.69 మిలియన్ టన్నుల చమురుకు సమానమైన పొదుపు లక్ష్యమైతే 8.67 మిలియన్ టన్నులు ఆదా అయింది. లక్ష్యం దాటినవాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చారు, అందుకోలేనివాళ్లు వాటిని కొనుక్కోవచ్చన్నారు. మార్కెట్ దృష్టితో ఇది తెలివైన ఏర్పాటు. ఆదా ఎక్కడ చవకగా దొరికితే అక్కడ జరుగుతుంది. జైన కర్మ సిద్ధాంతం మాత్రం దీన్ని ఒప్పుకోదు. అక్కడ ఎవరి కర్మ వాళ్లదే, ఒకరు మూసిన చిల్లు ఇంకొకరి ఖాతాలో జమ కాదు. 2022లో చట్టాన్ని సవరించి కార్బన్ క్రెడిట్ల వ్యాపారానికి కూడా తలుపు తెరిచారు. సిమెంటు వాళ్లకు ఆ లెక్క మరీ కష్టం. ఇంధనం ఎంత ఆదా చేసినా, టన్ను క్లింకర్‌కు సున్నపురాయిలోంచే అర టన్ను పైగా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. దాన్ని తగ్గించడం ఆడిటర్ వల్ల కాదు. బూడిదో, ఉక్కు ఫ్యాక్టరీ స్లాగో కలిపి సిమెంటులో క్లింకర్ పాలు తగ్గించాలి, లేదా తక్కువ సిమెంటుతో కట్టుకోవాలి.