స్విచ్చు ఎవరి చేతిలో ఉంది?

తెల్లవారకముందే లేచేవాడు మంచివాడు, పొద్దెక్కేదాకా పడుకునేవాడు బద్ధకస్తుడు. చిన్నప్పటి నుంచీ వింటున్న ఈ తీర్పు మీద నాకు అనుమానం కలిగించింది మంచినీళ్ళలో పెరిగే ఒక నాచు.

దాని పేరు సైనెకోకాకస్ ఎలాంగేటస్. నీలి ఆకుపచ్చ నాచు అంటాం గానీ నిజానికి బ్యాక్టీరియా. ఉన్నది ఒక్కటే కణం. అయినా లోపల ఒక గడియారం ఉంది. సూర్యుడు వచ్చాక హడావిడి పడదు, రాకముందే కిరణజన్య సంయోగక్రియకు సిద్ధమవుతుంది. ఎడతెగని వెలుతురులో పెట్టినా సుమారు రోజుకో చుట్టు తిరుగుతూనే ఉంటుంది.

1998లో కార్ల్ జాన్సన్ బృందం ఈ నాచు రకాల మధ్య పోటీ పెట్టింది. మామూలు రకం గడియారం సుమారు 25 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. జన్యువు మారిన రకాల్లో ఒకటి 23 గంటలకు, ఇంకొకటి 30 గంటలకు. విడివిడిగా పెంచితే అన్నీ దాదాపు ఒకే వేగంతో పెరిగాయి. రెండేసి రకాలను కలిపి పెంచినప్పుడు కథ మారింది. 11 గంటలు వెలుతురు, 11 గంటలు చీకటి ఇస్తే 23 గంటలది గెలిచింది. 15, 15 చేస్తే 30 గంటలది గెలిచింది.

మరి ఓడినదాంట్లో లోపం ఎక్కడుంది? ఒంటరిగా ఉన్నప్పుడు కనిపించని లోపం పోటీలో పుట్టింది. ఆ పోటీలో లైటు వేసిందీ తీసిందీ మనుషులే.

సూర్యుడికి ఎవరి మీదా పక్షపాతం లేదు, నిజమే. కానీ మనం ఇప్పుడు బతికేది ఒక్క సూర్యుడి కిందే కాదు కదా. హైదరాబాద్‌లో అమెరికా వేళలకు పనిచేసే కుర్రాడు ఆరు నెలలకే నీరసించిపోతే, "అడ్జస్ట్ కాలేకపోయాడు" అంటాం. దేనికి అడ్జస్ట్ కావాలి, ఎవరి కోసం అని అడగం.

అలాగని ఎవరి లయ వాళ్ళదే అని వదిలేయడం కూడా కుదరదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉప్పు కలిసిన నీళ్ళ రొయ్యల చెరువులున్నాయి. పగలు అక్కడి నాచు నీళ్ళకు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదీ రొయ్యలూ కలిసి అదే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. తెల్లవారుజామున అది అడుగంటుతుంది. అందుకే రాత్రంతా ఏరేటర్లు తిరగాలి, ఒకరు కాపలా ఉండాలి. అతను నిద్రపోయిన రాత్రి మోటారు ఆగితే చెరువే పోవచ్చు. ఎవరో ఒకరు మేలుకోక తప్పని పనులు లోకంలో ఉంటాయి. ఆ మేలుకోవడాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకుని ఊరుకోవడమే నాకు అన్యాయంగా తోస్తుంది. అతను తన రాత్రిని మనకు ఇస్తున్నాడు. అది అప్పు. కూలిలో, సెలవులో, వైద్యంలో తీర్చాల్సిన అప్పు.

2004లో అదే బృందం ఇంకో సంగతి తేల్చింది. వెలుగుచీకట్లు మారుతున్నప్పుడు, గడియారం పాడైన రకం త్వరగా ఓడిపోయింది. ఎప్పుడూ వెలుతురే ఉంచితే మాత్రం గడియారం ఉన్నదానికి దాదాపు ఏ ప్రయోజనమూ దక్కలేదు. ఇది చదివాక లైట్లు ఆర్పని మన నగరాలు గుర్తొచ్చి భయమేసింది. అక్కడ నిద్ర రావడమే ఒక అనర్హత అవుతుంది. ఇకమీదట ఎవరినైనా బద్ధకస్తుడు అనబోయే ముందు, అతని లైటు స్విచ్చు ఎవరి చేతిలో ఉందో అడగాలనుకుంటున్నాను.