కొన్న టికెట్టు ఎవరిది?

1965 ఆగస్టు 15న బీటిల్స్ న్యూయార్క్‌లోని షే స్టేడియంలో పాడినప్పుడు టికెట్టు నాలుగున్నర డాలర్ల నుంచి 5.65 డాలర్ల దాకా ఉండేది. యాభై అయిదు వేల పైచిలుకు జనం. అరుపుల్లో పాట ఎవరికీ సరిగ్గా వినపడలేదంటారు, వేదిక మీదున్న ఆ నలుగురితో సహా. సరిగ్గా అరవయ్యేళ్ల తర్వాత, 2025 ఆగస్టు చివర్లో, ఇంకో ఇంగ్లండు బృందం ఇటే వస్తోంది. మాంచెస్టర్ అన్నదమ్ములు నోయెల్, లియామ్ గాలగర్‌ల ఒయాసిస్. 2009లో కొట్టుకుని విడిపోయి, ఇన్నేళ్లకు మళ్లీ కలిసి, 31న, సెప్టెంబర్ 1న మెట్‌లైఫ్ స్టేడియంలో పాడబోతున్నారు. (న్యూయార్క్ కచేరీ అని రాస్తున్నారు గానీ స్టేడియం ఉన్నది న్యూజెర్సీలో. ఈ విషయంలో మా రాష్ట్రానికి ఎప్పుడూ అన్యాయమే.)

అయిదు డాలర్ల రోజులు పోయాయే అని ఏడవడానికి ఇది రాయడం లేదు. అప్పటి అయిదు డాలర్లు ఇప్పటి లెక్కలో యాభైకి దగ్గర్లో ఉంటాయి, అది వేరే సంగతి. నన్ను పట్టుకుని వదలనిది ఇంకో ప్రశ్న. టికెట్టు డబ్బిచ్చి కొన్నాక అది పూర్తిగా మనదేనా?

నాకూ మా ఆవిడకీ టికెట్లున్నాయి. కొన్నది నేను కాదు, ఇంజినీరింగ్‌లో నా రూమ్మేటు. 2024 అక్టోబరులో అమ్మకాలు మొదలైన రోజు ఇద్దరం ఎవరింట్లో వాళ్లం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. వాడికి దొరికాయి, నాకు దొరకలేదు. నాలుగు కొన్నాడు. ఇప్పుడేమో వాళ్లావిడకి నెలలు నిండాయి, వాళ్లు రావడం లేదు. రెండు టికెట్లు మిగిలాయి. కొన్న రేటుకే ఎవరికైనా ఇచ్చేద్దామని నేను, ఇవాళ్టి రేటుకి అమ్ముతానని వాడు. ఆ రెండు రేట్లకీ మధ్య తేడా చిన్నది కాదు, పుట్టబోయే బిడ్డకి ఉయ్యాలా కారు సీటూ వచ్చేస్తాయి. రెండు వారాలుగా ఫోన్లో ఇదే గొడవ. వాడి వాదన మొత్తం ఒక్క ముక్కలో ఉంది: "నా డబ్బు పెట్టి కొన్నాన్రా. నా కారు నేను అమ్ముకుంటే ఎంతకి అమ్మావని ఎవడైనా అడుగుతాడా?"

కారు పోలికని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. ఈ దేశంలో కొన్నిచోట్ల చట్టం కూడా వాడి వైపే ఉంది. 2023లో ఇంకో బ్రిటిష్ బృందం, ది క్యూర్, అమెరికా పర్యటనకొచ్చింది. పాటగాడు రాబర్ట్ స్మిత్ ముందే చెప్పేశాడు: ధరలు తక్కువ పెడతాం, గిరాకీని బట్టి పెంచం, టికెట్టు ఇంకొకరి పేరుకి మార్చడం కుదరదు, రాలేకపోతే కొన్న ధరకే తిరిగి అమ్ముకునే ఏర్పాటు ఉంటుంది. కొన్ని ఊళ్లలో ఇరవై డాలర్లకే టికెట్టు పెట్టారు. తీరా అమ్మకం మొదలయ్యాక చూస్తే ఆ ఇరవై డాలర్ల టికెట్టు మీద టికెట్‌మాస్టర్ వేసిన ఫీజులు ఇంకో ఇరవై దాటాయి. స్మిత్ ట్విటర్లో బహిరంగంగా మండిపడ్డాడు. ఆ కంపెనీ, అంతటి కంపెనీ, దిగొచ్చి అన్నిటికన్నా తక్కువ ధర టికెట్ల మీద పది డాలర్లు, మిగతావాటి మీద అయిదు డాలర్లు వెనక్కిచ్చింది. అరవయ్యేళ్లు దాటిన మనిషి, లిప్‌స్టిక్కూ చెదిరిన జుట్టూ వేసుకుని, పెద్ద అక్షరాల్లో ట్వీట్లు రాస్తూ సాధించిన పని అది.

కానీ ఆయన కూడా నెగ్గలేకపోయిన చోటు ఒకటుంది. న్యూయార్క్, ఇల్లినాయ్, కొలరాడో రాష్ట్రాల చట్టాల ప్రకారం, కొన్న టికెట్టు ఇంకొకరికి ఇవ్వకుండా కొన్నవాణ్ణి కట్టెయ్యడం కుదరదు. అంటే ఆ చట్టాల దృష్టిలో టికెట్టు ఒక ఆస్తి, కారులాంటిదే. జూన్ 20, 21, 22 తేదీల్లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు పాడిన స్మిత్ దృష్టిలో అది ఆస్తి కాదు, పిలుపు.

ఈ తేడాని కాస్త నిదానంగా చూద్దాం. వంద డాలర్లకి పోయే సీటుని ఒకడు ఇరవైకి ఇచ్చాడనుకోండి. ఆ ఎనభై ఏమైంది? గాల్లో కలిసిపోలేదు. టికెట్టులోనే ఉంది. అమ్మినవాడు తీసుకోకుండా వదిలేసిన సొమ్ము అది. ఎవరి కోసం వదిలాడు? వచ్చి వినేవాడి కోసం. అంటే ఆ టికెట్టులో ఇరవై డాలర్ల బేరం ఉంది, ఎనభై డాలర్ల మర్యాద ఉంది. బేరం వరకూ నాది అనచ్చు. మర్యాదని కూడా నాది అని బజార్లో పెట్టడం, శుభలేఖ చేతికొచ్చింది కదా అని భోజనాన్ని ఎవరికో అమ్ముకోవడం లాంటిది. (పెళ్లిలో చదివింపులు ఉంటాయిగా అంటారేమో. ఉంటాయి. చదివింపులు రాయించుకునే ఇంట్లో కూడా విస్తరికి రేటు కట్టరు.)

అర్థశాస్త్రం చదువుకున్నవాళ్లు దీనికి నవ్వుతారు. ధర తక్కువ పెట్టాడంటేనే బ్లాకుకి తలుపు తీశాడని అర్థం, అది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కొత్త సినిమా మొదటిరోజు హాలు బయట బ్లాకు టికెట్ల కేక వినని తెలుగువాడు ఉంటాడా! వాళ్ల వాదన ఏమిటంటే, ధరని పెరగనిస్తే ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ల దగ్గరికే టికెట్టు చేరుతుందని. మైకేల్ శాండెల్ 2012లో రాసిన 'వాట్ మనీ కాన్ట్ బై' పుస్తకంలో దీనికి సూటిగా జవాబుంది. ఎంత ఇవ్వగలడన్నది ఎంత కావాలన్నదానికి కొలత కాదు, జేబుకి కొలత. నిజమే. కానీ శాండెల్ మాటల్లో క్యూ మీద నాకు కొంచెం ఎక్కువ నమ్మకం కనిపిస్తుంది. లైను అందరికీ ఒకటే, లైన్లో కోటీశ్వరుడైనా నిలబడాల్సిందే అన్న భావం. అక్కడ నేను ఆగిపోతాను.

2025 ఫిబ్రవరి 11న పాల్ మెకార్ట్‌నీ మన్‌హాటన్‌లో బౌరీ బాల్‌రూమ్ అనే చిన్న హాల్లో పాడాడు. ఆరు వందలమంది కూడా పట్టరు. ఆ రోజే ప్రకటించి, ఆ రోజే, హాలు దగ్గరికొచ్చినవాళ్లకి మాత్రమే మనిషికొక టికెట్టు ఇచ్చారు. బాట్లు లేవు, బ్రోకర్లు లేరు, వినడానికి ఎంత బాగుందో. కానీ మంగళవారం మధ్యాహ్నం అన్నీ వదిలేసి డెలాన్సీ వీధికి పరిగెత్తగలిగేది ఎవరు? నాలాంటివాడు, మీటింగులో కెమెరా ఆపేసి వెళ్లగలిగేవాడు. ఆస్పత్రిలో షిఫ్టులో ఉన్న నర్సు వెళ్లలేదు. బ్రాంక్స్‌లో బస్సు నడిపేవాడు వెళ్లలేడు. డబ్బుకి బదులు లైను కాలాన్ని అడుగుతుంది. కాలం కూడా అందరి దగ్గరా సమానంగా ఏమీ లేదు.

లైను ఒక్కోసారి కాలంతో ఊరుకోదు. 1979 డిసెంబరు 3న సిన్సినాటీలో ది హూ కచేరీకి, అదీ లండన్ బృందమే, చాలా టికెట్లకి సీటు నంబరు లేదు. ముందెవరొస్తే వాళ్లకి ముందు చోటు. తలుపులు కొన్నే తెరిచారు. లోపల సంగీతం మొదలైందనుకుని వెనకున్నవాళ్లు తోశారు. పదకొండు మంది చనిపోయారు. ఆ ఊళ్లో నంబరు లేని సీట్ల పద్ధతిని నిషేధించి, 2004 దాకా ఎత్తెయ్యలేదు. అంత దూరం ఎందుకు, 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవాళ్లలో ఆరుగురు పోయారు. అదే కొండ మీద శ్రీవాణి ట్రస్టుకి పదివేలు ఇచ్చినవాళ్లకి బ్రేక్ దర్శనం ఉంది, మూడు వందల టికెట్టు ఉంది, కంపార్టుమెంట్లలో కూర్చునే సర్వదర్శనం ఉంది. ఆధార్ మీద పేరు సరిపోవాలన్న షరతూ ఉంది. డబ్బు, కాలం, పేరు, ఈ మూడు కొలతలూ ఒక్కచోటే చూసి పెరిగినవాళ్లం మనం. వీటిలో ఏదో ఒకటి సహజ న్యాయమని మనమూ నమ్మితే ఎలా?

మరి ఆన్‌లైన్‌లో 'క్యూ' అని చూపిస్తారే, అది అసలు క్యూ కాదు. నేను బతికేది సాఫ్ట్‌వేర్ మీదే కాబట్టి ఇంతమాత్రం చెప్పగలను. అమ్మకం మొదలవక ముందే వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లందరికీ, సమయం కాగానే, యాదృచ్ఛికంగా ఒక్కో నంబరు పడుతుంది. పొద్దున్న ఆరింటికి వచ్చినవాడికీ పది నిమిషాల ముందొచ్చినవాడికీ ఒకటే అవకాశం. అది లాటరీ. లాటరీ అని చెబితే జనానికి కోపమొస్తుంది, క్యూ అని చెబితే ఓపిక పడతారు. నన్నడిగితే ఉన్నవాటిలో లాటరీయే నయం. జేబు అడగదు, సెలవు అడగదు, ప్రాణం తియ్యదు. బాట్లు రాకుండా చూసుకోవాలంతే. దానికి ఇక్కడ 2016 నుంచి చట్టం ఉంది. అమలు సంగతి వేరే వ్యాసమవుతుంది.

ఇక ఒయాసిస్ దగ్గరికొస్తే విషయం ఇంత శుభ్రంగా లేదు. 2024 ఆగస్టు 31న బ్రిటన్‌లో వాళ్ల టికెట్లు అమ్మినప్పుడు, దాదాపు నూట యాభై పౌండ్లని ప్రకటించిన స్టాండింగ్ టికెట్టు, గంటలకొద్దీ క్యూలో ఉండి తలుపు దగ్గరికొచ్చేసరికి మూడు వందల యాభై అయిదు అయికూర్చుంది. గిరాకీని బట్టి ధర. అక్కడ పెద్ద గొడవైంది. నా అభిప్రాయం ఇది: ఆ రకంగా 355 పౌండ్లు పెట్టి కొన్నవాడు రేపు దాన్ని ఏడు వందలకి అమ్ముకున్నా నేను తప్పనను. వదిలేసిన సొమ్మంటూ ఆ టికెట్టులో లేదు. అమ్మినవాళ్లే ఊడ్చుకుపోయారు. బేరంగాళ్లతో బేరమే.

ఈ మాట అన్నందుకు మావాడు ఎగిరి గంతేశాడు. "చూశావా! వాళ్లే కదరా వీళ్లు!" వాళ్లే. కానీ అమెరికా కచేరీలకి ఆ పద్ధతి వాడబోమని సెప్టెంబరు చివర్లో చెప్పారు, వాడలేదు. అంటే మా నాలుగు టికెట్లలో ఆ వదిలేసిన సొమ్ము ఉంది. "పరువు పోతుందని భయపడి వదిలారు. ప్రేమతోనా?" అన్నాడు. బహుశా నిజమే. ప్రేమ గాలగర్ సోదరులకి ఒకళ్ల మీద ఒకళ్లకే కష్టం.

నిజానికి నన్ను కదిపింది వాడి ఆ మాటే. భయపడి ఇచ్చినదానికి నేను రుణపడతానా? పాటగాడికైతే పడనేమో. మనం ఈ విషయాన్ని ఎప్పుడూ పాటగాడికీ అభిమానికీ మధ్య వ్యవహారంగా చూస్తాం, అందుకే ఆయన మంచివాడా, స్వార్థపరుడా అని వెతుక్కుంటాం. స్మిత్ లాంటివాడు దొరికితే సంతోషం, దొరక్కపోతే మనకి బాధ్యత తప్పినట్టే. కానీ ఆ అక్టోబరు రోజు వెయిటింగ్ రూమ్‌లో మాతో పాటు వేలమంది ఉన్నారు. కొన్నవాళ్లూ కొనలేనివాళ్లూ ఒకే పద్ధతికి తలొగ్గి కూర్చున్నారు. దొరకనివాళ్లు ఏమనుకుని మూసేశారు? పోనీలే, మనలాంటివాడికే ఎవడికో దొరికింది, వాడు వెళ్లి వింటాడు అని. అలా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, నా స్క్రీన్ మీద టికెట్లు లేవనే వచ్చింది. ఆ ఓటమిని నేను ఒప్పుకున్నది గెలిచినవాడు వినడానికి వెళతాడన్న లెక్క మీద. వాడు అదే టికెట్టు తెచ్చి మూడింతలకి నాకే అమ్మజూపితే, జరిగింది లాటరీ కాదు, వేలం. మధ్యలో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఆడిన నాటకం. మావాడు బాకీ పడింది నోయెల్‌కీ లియామ్‌కీ కాదు, తనతో పాటు కూర్చుని ఓడిపోయినవాళ్లకి.

ఇది చెప్పాక వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, కొన్న రేటుకే ఇద్దాం. ఎవరికి?" అన్నాడు.

మా అపార్ట్‌మెంట్ల తెలుగు వాట్సాప్ గ్రూపులో పెడదామన్నాను, పెట్టాను కూడా. పావుగంటలో అయిదుగురు కావాలన్నారు. అందులో ఒకాయన, "బ్రదర్, ఒయాసిస్ అంటే ఏ లాంగ్వేజ్? పర్లేదు, మేం వస్తాం, పార్కింగ్ ఇంక్లూడెడా?" అని అడిగాడు. స్క్రీన్‌షాట్ మావాడికి పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "నీతోపాటు ఓడిపోయినవాళ్లు ఎక్కడో క్వీన్స్‌లోనో, నూవార్క్‌లోనో ఉన్నార్రా. ఈ అయిదుగురూ నీ ఫోన్లో ఉన్నారు, అంతే తేడా. డబ్బు వద్దన్నావు, లైను వద్దన్నావు, ఇప్పుడు తెలిసినవాళ్లంటున్నావు. దానికంటే బ్లాకు నయం కదా, బ్లాకులో కులం ఊరు అడగరు."

అతి చెప్పాడు గానీ పూర్తిగా తప్పు చెప్పలేదు. డబ్బు, కాలం, పేరు తర్వాత నాలుగోది పరిచయం, నేను లెక్కలోకే తీసుకోనిది. తెలియనివాడికి కొన్న ధరకే చేరాలంటే మధ్యలో ఏదో ఒక యంత్రాంగం ఉండాలి, స్మిత్ పెట్టించిన లాంటిది. అది లేనిచోట నా మంచితనం నా కాంటాక్టు లిస్టు దాటి వెళ్లదు. ఆ అయిదుగురికీ ఇంకా జవాబివ్వలేదు. స్టేడియం బయట కొన్న రేటు బోర్డు పట్టుకుని నిలబడదామా అని మా ఆవిడ అంటోంది. అక్కడ మళ్లీ ఎవరు ముందొస్తే వాళ్లు. శుక్రవారంలోగా తేల్చమన్నాడు, ఆ తర్వాత వాడు ఆస్పత్రిలో ఉంటాడు.