కలుపు అని ఎవరన్నారు?



శాలిహుండం మనకి దగ్గరే. శ్రీకూర్మం, శాలిహుండం రెండూ గార మండలంలోనివే. అయినా మనలో చాలామంది బుద్ధ పూర్ణిమకి వెళ్లి, దండం పెట్టి, ఫొటో తీసుకుని దిగిపోతాం. ఈసారి ఫాల్గుణంలో, ఎండ ముదరకముందే, పొద్దున్నే పిల్లల్ని తీసుకుని ఆ కొండ ఎక్కండి. మెల్లగా నడవండి. కింద వంశధార, పైన స్తూపాల ఇటుకలు. వాటి మధ్య ఏం మొలిచిందో చూడండి.

“మొక్కలకేసి చూడ్డమేటి, మనకి పనీపాటా లేదా?” అంటారేమో. ఇదీ పనే. నడిచేటప్పుడు నడుస్తున్నానని తెలిసి నడవమని సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు నేర్పాడు. గమనించడమే సమ్మాసతికి మొదటి మెట్టు. ఆ కొండ మీది బౌద్ధ అవశేషాలను 1919లో గిడుగు రామమూర్తి గారు గుర్తించారు. అంతకు ముందూ ఆ ఇటుకలు అక్కడే ఉన్నాయి. గమనించే కన్ను కావలసి వచ్చింది.

రాతి నీడన పాచి ఎండి నల్లబడి ఉంటుంది. చచ్చిందనుకుంటాం. నాలుగు చినుకులు పడితే మళ్లీ పచ్చబడుతుంది. మోదుగ ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది, కొన్నాళ్లకి ఆ పువ్వూ రాలుతుంది. అనిచ్చం అంటే పోవడమే కాదు, మారడం. మారుతుంది గనకే మన బతుకూ మారింది.

ఇక గడ్డి చామంతి. ఎవరూ నాటరు, నీళ్లు పొయ్యరు. చేలో ఉంటే కలుపంటాం, పీకేస్తాం. వేలు తెగితే అదే ఆకు నలిపి పసరు పెడతాం. మొక్క ఒక్కటే. కలుపన్న మాట దాని వేరులో లేదు, మన నోట్లో ఉంది. మన తాతల్ని ఊరి చివర పెట్టినవాళ్లు చేసిందీ ఇదే. చూడకముందే పేరు పెట్టేశారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, మనుషులంతా సమానమన్నదీ ఒకటి. అది నోటితో చెప్తే చాలదు. కంటికి అలవాటు చెయ్యాలి. మనలో మనకే ఉపకులాల హెచ్చుతగ్గులు ఇంకా పోలేదు కదా!

అందుకే కొండ మీద పిల్లలకి ముందు పేరు చెప్పకండి. ఎన్ని రేకులు, ఏ రంగు, ఏ పురుగు వాలింది, వాళ్లనే చెప్పనివ్వండి. పువ్వు తెంపనివ్వకండి. మొక్కల్ని తుంచకూడదని భిక్ఖువులకి వినయంలో నియమమే ఉంది.

దిగి వచ్చాక, వాడలో ఎదురైన మనిషినీ అలాగే చూడండి. పేరు తర్వాత, మనిషి ముందు.

నమో బుద్ధాయ! జై భీమ్!