తేనెటీగకు మనం పడిన ఋణం



నాందేడ్‌లో మన ఇళ్ళలో ఒక అలవాటున్నది. పిల్లవానికి విరేచనాలు పట్టుకుంటే డాక్టరుకంటె ముందు మెడికల్ షాపుకు పోతాము. కిందటి వానాకాలంలో నేనూ అదే చేశాను. మనవడికి రెండు రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వేసి, తగ్గగానే మిగిలినవి అలమరలో దాచాను. సంగతి తెలిసి నా కూతురు, "బడిలో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన మీరే ఇలా చేస్తే ఎట్లా నాన్నా?" అన్నది. ఆ తరువాత తేనెటీగలపై జరిగిన పరిశోధన గురించి ఒక వ్యాసం చదవమని ఇచ్చింది.

మనిషి పేగులలో వందల రకాల సూక్ష్మజీవులున్నాయి. ఏది ఏ పని చేస్తుందో తేల్చడం కష్టం. తేనెటీగ పేగులో ముఖ్యమైన రకాలు పదికి మించవు. అప్పుడే గదిలోనుంచి బయటికి వచ్చిన ఈగ పేగులో అవి దాదాపు ఉండనే ఉండవు. కొద్ది రోజులలో తోటి ఈగల నుండి వచ్చి చేరుతాయి. ఆ ఈగను వేరుగా ఉంచి, ఒక్కొక్క రకాన్నే ఇచ్చి ఫలితం చూడవచ్చును. అందుకే శాస్త్రజ్ఞులు దానిని నమూనాగా ఎంచుకున్నారు.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో నాన్సీ మోరాన్ గారి బృందం 2017లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించింది. కొన్ని ఈగలకు టెట్రాసైక్లిన్ ఇచ్చి తిరిగి పట్టులో వదిలారు. మూడు రోజులకు మందు తినని ఈగలలో సుమారు మూడింట రెండు వంతులు మిగిలితే, తిన్నవాటిలో మూడో వంతే మిగిలాయి. మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గి, రోగక్రిములకు దారి సులువైనది.

ఇక్కడే ధర్మసందేహం. మన కడుపు సంగతి తెలుసుకోవడానికి ఆ ఈగలు ఎందుకు చావాలి? బ్రిటన్‌లో జంతు ప్రయోగాలపై 1986లో వచ్చిన చట్టం ఎలుకను కాపాడుతుంది, తేనెటీగను లెక్కలోనికి తీసుకోదు. చిన్న ప్రాణి గనుక దాని ప్రాణం చిన్నదా? సృష్టిపై మనకు అధికారమున్నదని చెప్పుకుంటాము. అధికారమున్నచోట జవాబుదారీ కూడా ఉన్నది గదా!

అయితే మనకు వేలు చూపే అర్హత ఉన్నదా? కిన్వట్ అడవి తేనె ఇంటికి తెచ్చుకొన్నప్పుడు, పొగబెట్టి పట్టు దించేటప్పుడు ఎన్ని ఈగలు చచ్చాయని ఎవరమూ అడగము. పైగా ఈ పరిశోధన తేనెటీగలకూ అక్కరకు వచ్చేదే. పెంపుడు పట్టులకు రోగం వస్తే పెంపకందారులు వాడే మందులలో టెట్రాసైక్లిన్ ఒకటి.

నాకు తోచినది ఇది. వేరే దారి లేనప్పుడు, అవసరమైనంత మేరకే, అట్టి ప్రయోగం తప్పు కాదు. కాని దానివలన తెలిసినదాన్ని పాటించకపోతే మాత్రం తప్పే. అప్పుడు ఆ ఈగల చావు వృథా అవుతుంది. ఆ తప్పు ప్రయోగశాలది కాదు, మనది.

పిల్లల విరేచనాలలో చాలామట్టుకు వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. ముందు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పట్టించాలి. నెత్తురు పడినా, పిల్లవాడు సోలిపోయినా డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఆయన రాస్తేనే మాత్ర. రాసినన్ని రోజులూ వేయాలి.

అలమరలోని మాత్రలు తీసి పారవేయించాను. మీ అలమర కూడా ఒకసారి తెరచి చూడండి.