సూర్యోదయ దర్శనము – ఛాయాచిత్రము

ప్రత్యక్షదైవమనగానే అందఱకును మొదట స్ఫురించువాడు సూర్యనారాయణుడు. తూర్పుసముద్రపు ఒడ్డున నిలిచినవారికి చెట్టు గాని కొండ గాని అడ్డములేక, నీటినుండియే లేచివచ్చు ఆయన బింబమును చూచు భాగ్యము కలదు.

గుంటూరు, ప్రకాశము సీమల ప్రజలకు ఈ భాగ్యము చేరువలోనే యున్నది. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక, చీరాలకు దగ్గఱగా వాడరేవు, ఒంగోలునకు తూర్పున కొత్తపట్నము కలవు. వీనిలో మొదటి రెండును 2022 ఏప్రిలులో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినవి. కార్తికపూర్ణిమకు ప్రత్తిచేలనుండియు, మాఘపూర్ణిమకు మిరపకల్లములనుండియు కుటుంబములు రాత్రియే బయలుదేరి తెల్లవాఱుజామునకు ఈ తీరములను చేరుచుండును.

పూర్వము వారి చేతులలో పసుపు, కుంకుమ, అరటిదొప్పల దీపములు ఉండెడివి. నేడు వానితోపాటు సెల్‌ఫోనును ఉన్నది. బింబపు అంచు నీటిపై కనబడినంతనే దోసిలియొగ్గు చేతులకంటె ఫోనునెత్తు చేతులే ఎక్కువగుచున్నవి. కొందఱు సూర్యునకు వీపు త్రిప్పి, తాము ముందును భగవానుడు వెనుకను ఉండునట్లు చిత్రము తీసికొనుచున్నారు. ఇది దోషమా? లేక కాలమునకు తగిన భక్తియేనా?

దోషమే యనువారు మనుస్మృతి నాలుగవ అధ్యాయమును చూపుదురు. ఉదయించు సూర్యుని, అస్తమించు సూర్యుని, నీటిలో ప్రతిఫలించు సూర్యుని స్నాతకుడు తేఱి చూడరాదని అందు నియమము కలదు. కటకముగుండ సూర్యుని నేరుగా చూచినచో కన్నులకు హాని యని నేటి వైద్యులును హెచ్చరించుచున్నారు. కాని సంధ్యావందనమున ఉపస్థానము సూర్యాభిముఖముగనే చేయవలయును గదా! కావున చూపును పెద్దలు నిషేధింపలేదు. వినోదమునకై చూచుటకును, నమస్కరించుటకై చూచుటకును భేదమును పాటించిరి.

దోషము కాదనువారి మాటయు త్రోసివేయదగినది కాదు. పల్నాటి పల్లెలో మంచముపట్టిన తల్లి యున్నది. ఆమె సముద్రస్నానమునకు రాలేదు. కొడుకు తెచ్చిన చిత్రమును చూచి ఆమె రెండు చేతులును జోడించినచో ఆ చిత్రము ధన్యమైనట్లే. తిరుమల ఆలయములోనికి కెమేరాను తీసికొనిపోనీయరు. అయినను శ్రీనివాసుని పటములేని వైష్ణవగృహము అరుదు. సన్నిధిలో కూడనిది ఇంటిలో పూజ్యమగుచున్నది. కనుక దోషము పటమునందు లేదు. అది ఎచట నిలిచినది, దేనికి మాఱుగా నిలిచినది అనునదియే విచారింపవలసిన విషయము.

ఛాయాచిత్రమను పేరే ఈ చిక్కును విప్పుచున్నది. విష్ణుపురాణమున ఒక కథ కలదు. విశ్వకర్మ కుమార్తెయైన సంజ్ఞ సూర్యుని భార్య. ఆమె భర్త తేజస్సును సహింపలేక, తన ఛాయను తనకు మాఱుగా నిలిపి, తపస్సునకై అడవికి పోయెను. సూర్యుడంతటివాడును ఛాయనే సంజ్ఞయని తలచి సంసారము సాగించెను. ఒకనాడు ఛాయ కోపించి యముని శపించినపుడు గాని ఆమె వేఱొకతెయని తెలియలేదు. సంజ్ఞయనగా తెలివి, ఎఱుక. ఎఱుక ఇల్లు విడిచిపోగా నీడ ఇల్లాలై కూర్చున్నది! తీరమున నేడు జరుగుచున్నదియు ఇదియే. ఛాయ చేతికి చిక్కినది, సంజ్ఞ దాటిపోయినది.

మన ప్రాంతమున బింబపు మొదటి అంచు కనబడినది మొదలు అది పూర్తిగా నీటిని విడుచువఱకు రెండు నిమిషములకు కొంచెమే ఎక్కువ పట్టును. అంతటి స్వల్పకాలమును ఫోను సవరించుకొనుటలో గడపినవాడు చూచినదేమి? మఱియొక వింత కలదు. వాయుమండలమున వెలుగు వంగుటవలన, బింబపు అడుగంచు నీటిని తాకుచున్నట్లు కనబడు వేళకు నిజమైన సూర్యుడు ఇంకను దిగంతమునకు క్రిందనే యుండును. ఆ వెలుగు బయలుదేఱియు ఎనిమిది నిమిషములు దాటియుండును. కంటికి కనబడునదియే ఇంత ఛాయ యైనచో, ఫోనులోనిది ఛాయకు ఛాయ!

ఛాందోగ్యోపనిషత్తు ఆదిత్యమండలమున హిరణ్మయపురుషుని చెప్పినది. ఆయన నేత్రములను వర్ణించు కప్యాసశ్రుతికి యాదవప్రకాశులు హీనమైన అర్థము చెప్పగా భగవద్రామానుజులు కన్నీరు కార్చి, సూర్యకిరణములచే వికసించిన తామరలవంటి నేత్రములని వివరించిన కథ వైష్ణవులందఱకు తెలిసినదే. పదము ఒక్కటే, చూచినవారు ఇద్దఱు. ఉదయబింబమును అట్టిదే. ఒకనికి అది తన ముఖమునకు వెనుక తెర. మఱియొకనికి స్వామి కనుదోయి విప్పిన వేళ.

ఇంతవఱకు చెప్పినది తనకును దైవమునకును గల ధర్మము. తోడి యాత్రికులపట్ల ధర్మము వేఱు. అందు రెండు పక్షములకు తావులేదు. తడిబట్టలతో ఒడ్డునకు వచ్చు స్త్రీల రూపమును వారి అనుమతిలేక పట్టుట, పదిమందికి పంపుట పరధనాపహరణముతో సమానము. స్నానఘట్టమున చూపు దించుకొనుట పూర్వులు నేర్పిన మర్యాద. ఆ మర్యాద యంత్రమునకు లేదు గనుక దానిని పట్టినవాడే పాటింపవలయును. సముద్రమునకు వీపు త్రిప్పి నిలుచుటయు తెలివి కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన సీమకు కెరటముల స్వభావము వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున క్రమమును పాటించుటయే మేలు. ముందు స్నానము, పిదప దోసిలితో అర్ఘ్యము, నమస్కారము. బింబము నీటిని విడుచువఱకు చేతులు ఖాళీగా నుండవలయును. అటుపిమ్మట ఇంటనున్నవారికై ఒక చిత్రము తీసికొన్నచో తప్పులేదు, అది ప్రసాదమువంటిదగును. మంచముపైనున్న ఆ తల్లి చిత్రమును చూచి, "అర్ఘ్యమిచ్చితివా నాయనా?" అని అడుగును. తల దించుకొనక బదులు చెప్పగలిగినవాని యాత్రయే యాత్ర.

కల్లములోని మిరపకాయను ఎండబెట్టునది సూర్యుడే గాని సూర్యుని చిత్రము కాదని రైతుకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. మనస్సున పేరుకొన్న చెమ్మయు అంతే. సూర్యలంకకు పోవు త్రోవలో బాపట్లయందు వెలసిన స్వామి భావనారాయణుడు. ఆయన పేరనే ఆ ఊరు భావపురియైనదందురు. భావనతో చూచినవారికి నారాయణుడు ఆలయమునను కలడు, అలలపై లేచు బింబమునను కలడు. భావన లేనిచో వేయి చిత్రములు తీసినను వానిలో చిక్కునది వెలుగు మాత్రమే.